ఆశ్రయదానమునందు త్వర

మన యిండ్లలో రెండు సామెతలు ఒకే పెద్దల నోట వినబడుచుండును. "ఆలస్యము చేసిన అమృతము విషమగును" అనునది యొకటి. "నిదానమే ప్రధానము" అనునది రెండవది. రెండును నిజములే. కాని ఒకే పనిలో రెండింటిని పాటించుట యెట్లో ఏ పెద్దయు చెప్పడు. సాధారణముగా మనకిష్టమైన పనికి మొదటిదానిని, కష్టమైన పనికి రెండవదానిని వాడుకొందుము. చందా పుచ్చుకొనునపుడు త్వర, ఇచ్చునపుడు నిదానము. ఇది నవ్వుకొనదగిన సంగతియే. కాని పరుల ప్రాణమానములు మన నిర్ణయముపై నాధారపడియున్నపుడు ఏ సామెతను పట్టుకొనవలయునను ప్రశ్న నవ్వులది గాదు. ఇల్లు కోల్పోయి పరుగెత్తి వచ్చినవారికి ఆశ్రయము చూపు పనిలో త్వర యెంతవఱకు ధర్మము? ఏ యెల్లను దాటిన నది యధర్మమగును? ఈ ప్రశ్నను స్పష్టముగా మన ముందు నిలిపిన సంగతి యొకటి యిటీవలి చరిత్రలో కలదు. ముందు దానిని చెప్పెదను.

2022 ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సైన్యములు ఉక్రెయిన్ దేశముపై పలుదిక్కులనుండి దండెత్తినవి. ఏడు దినములలో 10 లక్షలమంది సరిహద్దులు దాటిరి. నెల తిరుగునప్పటికి ఆ సంఖ్య 35 లక్షలను మించెను. 18 మొదలు 60 సంవత్సరముల వఱకు వయసుగల పురుషులు దేశము విడువరాదని ఆ ప్రభుత్వము శాసించుటచే వచ్చినవారిలో మిక్కిలి పెద్ద భాగము స్త్రీలును పిల్లలును. మార్చి 4వ తేదీన యూరోపియన్ యూనియన్, 2001లో వ్రాసికొని యంతవఱకు ఒక్కమాఱైనను వాడని తాత్కాలిక రక్షణ శాసనమును తొలిసారిగా నమలు పఱచెను. శాసనము ప్రవేశమును, నివాసమునకు హక్కును ఇచ్చెను. కాని ఆ రాత్రి ఎవరి గుమ్మము తట్టవలయునో శాసనము చెప్పలేదు.

ఆ సమయమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ విద్యార్థులైన ఇరువదేండ్లు నిండని యువకులిద్దఱు, అవీ షిఫ్‌మన్, మార్కో బర్‌స్టైన్ అనువారు, సుమారు మూడు దినములలో ఒక వెబ్‌సైటును నిర్మించి మార్చి 3వ తేదీన లోకమునకు తెఱచిరి. వీరిలో మొదటివాడు అంతకు రెండేండ్లు ముందు, ఉన్నత పాఠశాలలో నుండగనే, కోవిడ్ వ్యాధి లెక్కలను చూపు వెబ్‌సైటు నొకదానిని చేసి పేరుపొందినవాడు. క్రొత్త వెబ్‌సైటు పని సులభముగా చెప్పదగినది. ఏ దేశమునందైనను ఇంటిలో గది ఖాళీయున్నవారు తమ యూరును, ఎందఱికి చోటు కలదో ఆ సంఖ్యను అందు వ్రాసెడివారు. శరణార్థి తాను చేరిన యూరి పేరు చెప్పి దగ్గఱనున్న యిండ్లను వెదకికొని గృహస్థునకు కబురు పెట్టెడివాడు. వారము తిరుగకమునుపే వేలకొలది గృహస్థులు తమ యిండ్లను అందు వ్రాయించిరి.

సంస్కృతమున పారిపోవువానికి కాందిశీకుడని పేరు. "ఏ దిక్కునకు పోదును?" అనునట్టి మాటనుండియే ఆ పదము పుట్టినదని పండితులు చెప్పుదురు. మన తెలుగు పత్రికలును ఒకప్పుడు ఈ పదమునే విరివిగా వాడినవి. పారిపోవువాని దుఃఖమంతయు ఆ యొక్క ప్రశ్నలో నున్నది. మూడు దినములలో కట్టిన ఆ వెబ్‌సైటు ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుటకు యత్నించినది. కావున దానిని కుఱ్ఱతనపు దుడుకని త్రోసివేయుట న్యాయము గాదు.

త్వరపడనివారి వలన కలిగిన నష్టము కూడ మన కన్నుల ముందున్నది. అదే మార్చి నెలలో ఇంగ్లండు ప్రభుత్వము, శరణార్థులను తమ యిండ్లలో నుంచుకొన దలచిన గృహస్థులు పేర్లు వ్రాయించుకొనుటకు ఒక వెబ్‌సైటును తెఱచెను. కనీసము ఆఱు నెలలు ఉంచుకొనవలసియుండెను. నాడు నెలకు 350 పౌనులు కృతజ్ఞతాద్రవ్యముగా నీయబడుచుండెను. ఒకటి రెండు దినములలో లక్షమంది పేర్లు వ్రాయించిరి. కాని రావలసినవారికి అనుమతిపత్రములు రాలేదు. ఏప్రిల్ తొలివారమునాటికి ఆ పథకముక్రింద ఇంగ్లండు చేరినవారు వేయికి కొంచెము పైన మాత్రమే. ఆ జాప్యమునకు హోంమంత్రియే క్షమాపణ చెప్పవలసివచ్చెను. లక్ష తలుపులు తెఱచియున్నను, లోనికి రావలసిన తల్లులు పరదేశపు సత్రములలో కాగితముల కొఱకు ఎదురుచూచుచుండిరి. నిదానము ప్రధానమన్నవారు దీనికేమి చెప్పుదురు?

మనవారి చరిత్రలోను ఇట్టి పాఠము కలదు. 1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై బాంబులు పడినపుడు, అచ్చటి ఓడరేవులోను మిల్లులలోను కూలిపని చేయుచుండిన తెలుగువారు వేలకొలదిగా నుండిరి. 1942లో సుమారు ఐదు లక్షలమంది భారతీయులు బర్మా విడిచి వచ్చిరి. వారిలో ఎందఱో కొండదారుల కాలినడకను పడి, ఆకలిచేతను వ్యాధులచేతను దారిలోనే మడిసిరి. వారికి ముందుగా దిక్కు చూపినవాడు లేడు; ఏ మజిలీలో నీరున్నదో, ఏ మజిలీలో కలరా యున్నదో చెప్పినవాడు లేడు. ఆ దారిని నడిచినవాని యెదుట నిలిచి "తొందరపడి చేసిన సహాయము కంటె ఆలోచించి చేసినదే మేలు" అని ఎవడు చెప్పగలడు? ఆలోచించుటకు కూర్చున్నవాడు ఇంటిలో కూర్చున్నాడు. కాలము గడచుచున్నది దారిలోనున్నవానికి.

ఇంతవఱకు త్వరయొక్క పక్షము. ఇక రెండవ పక్షము.

సంస్కృతమున "శరణము" అను పదమునకు రెండర్థములు కలవు: ఇల్లని యొకటి, రక్షకుడని యొకటి. అమరకోశము చదివిన బాలురందఱు ఎఱిగిన సంగతియే యిది. ఒకే మాట రెండింటికిని చెల్లుట చూచి మన పూర్వులు ఇల్లున్నచోట రక్షకుడు కూడ నుండునని తలచిరో, లేక రక్షకుడు లేని యిల్లు శరణము గాదని హెచ్చరించిరో తెలియదు. కాని వెబ్‌సైటు చూపగలిగినది మొదటి యర్థమును మాత్రమే. ఏ వీథిలో ఎన్ని గదులున్నవో అది చెప్పగలదు. ఆ గదికి తాళపుచెవి యెవరి చేతిలో నున్నదో, ఆ చేయి యెట్టిదో అది చెప్పజాలదు.

ఈ భేదము మాటలలోని సూక్ష్మము మాత్రమే కాదు. ఆ మార్చి నెలలోనే పోలండు దేశపు వ్రోత్స్‌వాఫ్ నగరమున, ఆశ్రయమిత్తునని అంతర్జాలముద్వారా నమ్మించి తెచ్చుకొన్న పందొమ్మిదేండ్ల యుక్రెయిన్ యువతిని చెఱచెనను అనుమానముపై నడివయస్కుడొకనిని అక్కడి పోలీసులు నిర్బంధించిరి. బెర్లిన్ రైలుస్టేషనులో ఎందఱో సజ్జనులు "మా యింట గది కలదు" అని వ్రాసిన అట్టలు చేతబూని నిలువబడియుండగా, ఆ సజ్జనుల నడుమనే అనుమానింపదగినవారును తిరుగుచున్నారని పోలీసులు స్త్రీలను హెచ్చరించిరి. ఏప్రిల్ నెలలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ, ఒంటరి స్త్రీలను ఒంటరి పురుషుల యిండ్లకు జతపఱచు పద్ధతిని మానుకొనవలయునని ఇంగ్లండు ప్రభుత్వమును కోరినది. పైన చెప్పిన విద్యార్థుల వెబ్‌సైటు మీదను, గృహస్థుడు తాను చెప్పుకొన్నవాడే యగునా యని పరీక్షించు ఏర్పాటు మొదట చాలినంత లేదని విమర్శలు వచ్చినవి. తరువాత వారు కొన్ని ఏర్పాట్లు చేర్చిరి. తరువాత చేర్చుట మంచిదే. కాని ఆ ఏర్పాటునకు ముందు రాత్రి గుమ్మము తట్టినవారికి "తరువాత" అనునది లేదు.

ఇచ్చట మన పురాణకథలు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలయును. మొదటిది విభీషణుని శరణాగతి. నలుగురు అనుచరులతో అతడు సముద్రతీరమున నిలిచి రాముని శరణు వేడగా సుగ్రీవాదులు తర్కమునకు దిగిరి. చంపవలయునని యొకడు, చారులచే పరీక్షింపవలయునని యొకడు, ప్రశ్నించి చూడవలయునని యొకడు పలికిరి. వారు పలికినదంతయు వచ్చినవానిని గుఱించియే. ఇతడు మనకు ద్రోహము చేయడు గదా యనునదే వారి భయము. ఒక్క హనుమంతుడు మాత్రము, క్షణములో ఒకని హృదయమును పరీక్షించుట సాధ్యము కాదనియు అతని ముఖమున దోషము కనబడలేదనియు చెప్పెను. రాముడు అభయమిచ్చెను.

రెండవది శిబిచక్రవర్తి కథ. పావురము ఒడిలో వ్రాలినది. డేగ వెంట వచ్చినది. ఈ కథలో పరీక్షింపబడినది పావురము కాదు, చక్రవర్తి. ఇంద్రుడును అగ్నియును పక్షిరూపముల దాల్చి భూమికి వచ్చినది, శరణు కోరినవాని గుణము తెలియుటకు గాక శరణిచ్చినవాని గుణము తెలియుటకే. తొడమాంసము కోసి త్రాసులో పెట్టి, చాలక, తానే త్రాసు నెక్కినపుడు గాని ఆ పరీక్ష ముగియలేదు.

నేటి ప్రభుత్వములన్నియు విభీషణుని కథనే చదివినట్లున్నవి. వచ్చువాని వ్రేలిముద్రలు, వాని పూర్వచరిత్ర, వాని బంధువులు, వాని రోగములు అన్నియు పరీక్షింపబడును. శిబి కథను చదివినవారు తక్కువ. గది యిచ్చెదనన్నవానిని ఆ మాటతోనే పుణ్యాత్ముల జాబితాలో చేర్చుటయే వాడుక. నా తాత్పర్యమిది: బలము ఎవరి చేతిలో నున్నదో వారిని పరీక్షింపవలయును. సముద్రతీరమున విభీషణుడు శత్రురాజు తమ్ముడు. అతనికిని కొంత బలము కలదు గనుక అచ్చటి చర్చకు అర్థమున్నది. ఒడిలోని పావురమున కేమి బలము కలదు? బిడ్డను చంకనిడుకొని అర్ధరాత్రి పరదేశపు రైలు దిగిన స్త్రీకి భాష రాదు, డబ్బు లేదు, తిరిగిపోవుటకు ఊరు లేదు. ఆమెకును గృహస్థునకును నడుమ బలమంతయు గృహస్థునిదే. కావున పరీక్షయు అతనిదే కావలయును.

"దాతను అనుమానించుట దానమును చంపుట గదా" యని కొందఱందురు. మంచి మనసుతో తలుపు తెఱచినవానిని పోలీసు కాగితములు తెమ్మనిన, ఆతడు నొచ్చుకొని తలుపు మూసికొనునని వారి భయము. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని దేవాలయమున హుండీ విప్పి లెక్కించునపుడు పదిమంది యెదుట కూర్చుండి లెక్కింతురు. లెక్కించు భక్తుడెవడును తన్ను దొంగ యనుకొనిరని అలిగి లేచిపోయిన వార్తను నేను వినలేదు. ఆ సొమ్ము తనది కాదని, పదిమంది కన్నులు తన గౌరవమునకే కాపని అతడెఱుగును. పరుల బిడ్డ హుండీలోని కాసు కంటె తక్కువదా? పరీక్షకు నొచ్చుకొను దాత తన దానమును పుచ్చుకొనువారి క్షేమము కంటె తన కీర్తి నధికముగా ప్రేమించుచున్నాడనవలయును.

ఈ మాటలు పరులకు చెప్పుటకు నాకు గల యధికారము నా తప్పిదమే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము మీద పడినపుడు దీపములు లేవు, ఫోనులు పలుకలేదు, రహదారులపై చెట్లు కూలియున్నవి. మా పాఠశాల పిల్లలలో కొందఱి పాకలు ఎగిరిపోయెను. నేనును మఱి ఇద్దఱు ఉపాధ్యాయులును ఒక నోటుపుస్తకమున రెండు జాబితాలు వ్రాసితిమి: ఇల్లు లేనివారు ఒక ప్రక్క, చోటు కలవారు ఒక ప్రక్క. సాయంకాలమునకు గీతలు గీసి జతలు కలిపితిమి. నాడు ఆ పనిని తలచుకొని నేను గర్వపడితిని.

ఆ జతలలో ఒక వితంతువును, ఎనిమిదవ తరగతి చదువు ఆమె కూతురును ఉండిరి. వారిని పంపిన యింటివారు నాకు పేరు చేత తెలిసినవారే, ముఖము చేత కాదు. పదునైదు దినముల తరువాత పాఠశాల తెఱచినను ఆ పిల్ల రాకపోవుటచే నేను చూడబోతిని. వాకిలి యూడ్చుచు ఆమె కనబడెను. ఆ యింటి పనిమనిషిని మాన్పించిరి. పిల్ల చేత అంట్లును, తల్లి చేత బట్టలును, వంటపనియును చేయించుచుండిరి. కొట్టలేదు, తిట్టలేదు, అన్నము పెట్టుచుండిరి. నేను తల్లిని ప్రక్కకు పిలిచి, నాకు కబురేల చేయలేదని యడిగితిని. "అన్నం పెట్టిన చేతిని ఏటని అంటాం బాబూ" అని ఆమె తల వంచుకొనెను. ఆ మాట నాకు నేటికిని వినబడుచున్నది. కృతజ్ఞత నోరు కట్టునని నేను పుస్తకములలో చదువలేదు. ఆ వాకిట చదివితిని. వారిని మఱునాడే మా సహోపాధ్యాయిని యింటికి మార్చితిమి. కాని పదునైదు దినములు నేను ఆ వీథికి పోకపోవుటకు నాకు సమాధానము లేదు. జాబితా వ్రాయుట ముగిసినది గనుక పని ముగిసినదని నేననుకొంటిని.

నేను చేసిన తప్పు ఆ సాయంకాలమున త్వరపడుటయా? కాదు. ఆ రాత్రి వర్షములో ఆ తల్లీబిడ్డలను నిలువబెట్టుట ఇంకను పెద్ద తప్పగును. నా తప్పు వేఱొకచోట నున్నది. నాడు తెఱచియుండిన బడిగదులలో పదిమందితో కలిసి ఆ నాలుగు రాత్రులు వారిని ఉంచియుండవచ్చును. అది సుఖము గాకపోయినను పదిమంది కన్నుల యెదుటి బ్రతుకు. ఇరుకని తలచి నేను వారిని నాలుగు గోడల మధ్యకు పంపితిని, పంపి మఱచితిని.

ఇట్టి పాఠమే పెద్ద యక్షరములతో చరిత్రలో వ్రాయబడియున్నది. 1938 నవంబరు 9, 10 తేదీలలో జర్మనీలో యూదుల యిండ్లమీదను ప్రార్థనాలయములమీదను దాడులు జరిగినపుడు, ఇంగ్లండులోని కొందఱు సజ్జనులు త్వరపడిరి. నెల తిరుగకమునుపే, డిసెంబరు 2వ తేదీన, మొదటి పిల్లల గుంపు హార్విచ్ రేవున దిగెను. 1939 సెప్టెంబరులో యుద్ధము వచ్చునంతవఱకు సుమారు పదివేలమంది బాలబాలికలు అట్లు రక్షింపబడిరి. వారిలో పెక్కుమంది తలిదండ్రులను మరల చూడలేదు. వారు నాజీల చేతిలో హతులైరి. ఆ సజ్జనులు నిదానించియుండిన పిల్లలును వారితోపాటే పోయియుందురు. కావున ఆ త్వర ధన్యము. కాని రెండవ ప్రక్కను కూడ చదువవలయును. చలికాలమున సముద్రతీరపు శిబిరములో ఆ పిల్లలనుంచి, పెంచుకొనదలచినవారు వచ్చి చూచి యెంచుకొని పోవునట్లు చేసిరి. ముద్దుగానున్న పిన్నపిల్లలు ముందు పోయిరి, పెద్దపిల్లలు మిగిలిరి. కొన్ని యిండ్లలో వారు కన్నబిడ్డలవలె పెరిగిరి. కొన్ని యిండ్లలో జీతములేని దాసీలైరి. ఓడను త్వరగా నడపుట తప్పు కాదు. ఓడ దిగిన పిమ్మట ప్రతి యింటిని తఱచుగా పోయి చూడకపోవుట తప్పు.

ఈ విషయమున మూడు దినముల వెబ్‌సైటునకు ఒక మెచ్చుకోలు చెల్లింపక తప్పదు. అందు గృహస్థుడు తన యింటిని వ్రాసికొనెడివాడు, ఎంచుకొన్నది శరణార్థి. ఆమె తన ఫోటోను, తన బిడ్డల వయసులను లోకమున కంతటికి చూపి, ఎవరైన మెచ్చుదురా యని కూర్చుండ నవసరము లేకుండెను. ఇంగ్లండు పథకముక్రింద జత దొరకక ఎందఱో స్త్రీలు అంతర్జాలపు బహిరంగ కూటములలో అట్లే తమ కుటుంబ చిత్రములను పెట్టుకొనవలసివచ్చినది; నాటి సముద్రతీరపు శిబిరమే క్రొత్త రూపమున మరల వచ్చినట్లయినది. ఎవరు ఎవరిని ఎంచుకొందురనునది చిన్న సంగతిగా కనబడును. కాని బలహీనుని చేతికి కొంత బలము నిచ్చునది అదే. త్వరగా చేసినదంతయు ఆలోచన లేనిది కాదనియు, నిదానముగా చేసినదంతయు ఆలోచించినది కాదనియు దీనివలన తెలియుచున్నది.

అట్లయిన త్వరకును నిదానమునకును ఎల్ల ఎక్కడ గీయవలయును? దిద్దుకొనదగిన తప్పు, దిద్దరాని తప్పు అను భేదము చేత గీయవలయునని నా యభిప్రాయము. ఏ సరిహద్దున వేడి యన్నము దొరకును, ఏ రైలు ఎన్ని గంటలకు పోవును, ఏ కార్యాలయమున ఏ కాగితము కావలయును, ఏ ఫోనులో తమ భాష తెలిసినవారు పలుకుదురు - ఇట్టివాటిని మూడు దినములలో కాదు, మూడు గంటలలో చేసి తెఱచుట ధర్మము. అందు తప్పు వచ్చినచో మఱునాడు దిద్దవచ్చును. తప్పుపడిన రైలు వేళవలన ఒక పూట పోవును. కాని ఒక స్త్రీని ఒక గోడవెనుకకు పంపుట, ఒక కుటుంబపు పేరును జాడను అందఱు చదువునట్లు వ్రాయుట మరల దిద్దుకొనరాని పనులు. పంపిన స్త్రీని ఆ రాత్రి గడవక మునుపటికి తీసికొనిపోలేము. బయటపడిన జాడను వెనుకకు పిలువలేము. అచ్చట ఒక దినము గాని, ఒక వారము గాని నిలుచుటయే ధర్మము.

ఆ వారమంతయు శరణార్థి ఎక్కడ నుండవలయునను ప్రశ్న వచ్చును. తొలి రాత్రుల ఆశ్రయము పదిమంది కన్నుల యెదుట నుండవలయును: బడి, సత్రము, సభామంటపము, గుడి, చర్చి. అది ఇరుకైనను భద్రము. ప్రత్యేక గృహమునకు పంపుట రెండవ మెట్టు. మొదటి మెట్టుమీద త్వర, రెండవ మెట్టుమీద నిదానము ఉండిన రెండు సామెతలును ఒకదానితో నొకటి పోరవు. మొదటి మెట్టునకు చేయవలసిన ఏర్పాటును ప్రభుత్వము ఆలస్యము చేయుటవలననే, రెండవ మెట్టును త్వరపడి యెక్కవలసిన యగత్యము శరణార్థికి కలుగుచున్నది. అట్టిచోట దోషము వెబ్‌సైటు కట్టిన యువకులది మాత్రమే యనుట అన్యాయము. ఖాళీని ఎవరో ఒకరు నింపుదురు. సజ్జనులు నింపకున్న దుర్జనులు నింపుదురు.

రెండవ మెట్టునకు కెనడా దేశము చూపిన పద్ధతి యొకటి మెచ్చదగినది. 1979, 1980 సంవత్సరములలో వియత్నాము మొదలగు దేశములనుండి పడవలలో పారిపోయి వచ్చినవారిలో సుమారు 60,000 మందిని ఆ దేశము చేర్చుకొన్నది. అందు సగమునకు పైగా పౌరులే పూచీపడి తెచ్చుకొన్నవారు. పూచీపడునది ఒక్కడు గాక చర్చిసంఘము గాని, ఐదుగురో అంతకు మించియో కలిసిన పౌరులు గాని కావలయునని నాటి అక్కడి నియమము. ఒక సంవత్సరము తిండి, బట్ట, ఇల్లు, పిల్లల చదువు వారే చూడవలసియుండెను. ఐదుగురు కలిసినచోట ఒకడు అలసిన మఱొకడు నిలుచును. ఒకడు చెడిన మఱొకడు చూచును. ఇందులోని బుద్ధి మన పల్లెలకు క్రొత్తది గాదు. 1986లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ తన నాన్సెన్ పతకమును కెనడా ప్రజలకందఱికిని కలిపి యిచ్చినది ఇందులకే.

ఇక చివరి సంగతి. మన ధర్మశాస్త్రములలో అతిథి యనగా ఒక రాత్రి నిలుచువాడు. మనువు అట్లే నిర్వచించెను. ఒక రాత్రికి మన మర్యాదలన్నియు చాలును: కాళ్లకు నీళ్లు, విస్తరిలో అన్నము, పడుకొనుటకు చాప. కాని శరణార్థి ఒక రాత్రికి రాడు. ఆఱు నెలలకు వచ్చును, రెండేండ్లకు వచ్చును. అతిథిమర్యాద ముగిసినచోటనుండి శరణ్యధర్మము మొదలగును. మూడవ నెలలో గృహస్థునకు విసుగు పుట్టును. శరణార్థికి ప్రతి ముద్దయు గొంతున అడ్డుపడును. వెబ్‌సైటు కట్టుటకు మూడు దినములు చాలవచ్చును. అది కలిపిన రెండు కుటుంబములను ఆఱవ నెలవఱకు అడుగుచుండుటకు, అవసరమైన విడదీసి వేఱు చోటు చూపుటకు మనుష్యులు కావలయును. ఆ మనుష్యులను ఏర్పఱచుకొనకుండ తలుపులను మాత్రము తెఱచినవాడు, నేను చేసినట్లే, జాబితాతో పని ముగిసినదనుకొనును.

మన యిండ్లలోని పిల్లలు నేడు ఆ యువకులవలెనే మూడు దినములలో ఇట్టివానిని కట్టగల నేర్పు గలవారు. రేపు తుపాను వచ్చును, వరద వచ్చును, వారు కట్టుదురు. వారిని వారింపవలదు. కట్టుమని ప్రోత్సహింపవలయును. కాని వారి ప్రక్కన కూర్చుండి రెండు ప్రశ్నలు మాత్రము అడుగవలయును. "నీ లెక్కలో తప్పు వచ్చినచో ఆ తప్పును మోయునది ఎవరు?" అనునది మొదటిది. "పదునైదు దినముల తరువాత ఆ వీథికి పోయి చూచునది ఎవరు?" అనునది రెండవది. రెండవ ప్రశ్నకు ఒక మనుష్యుని పేరు జవాబుగా వచ్చునంతవఱకు ఆ పని పూర్తియైనదని ఎంచరాదు.